మసాయి మారాలో ఎకో క్యాంపు బస: బుకింగ్ నుంచి తిరుగు విమానం దాకా

కెన్యాలోని మసాయి మారా గడ్డిమైదానాల్లో సఫారీ గురించి ఏ ఏజెంటును అడిగినా ముందు టెంట్ ఫొటోలు పంపిస్తారు. తెల్లటి దుప్పటి పరిచిన పెద్ద మంచం, దోమతెర, వరండాలో లాంతరు, దూరంగా గొడుగులా విచ్చుకున్న తుమ్మ చెట్టు. పది క్యాంపుల ఫొటోలు కలిపేస్తే ఏది ఎవరిదో చెప్పలేం. ధరల్లో మాత్రం బోలెడు తేడా. ఒక్కొక్కరికి రాత్రికి 400 డాలర్ల దగ్గర మొదలై వెయ్యి దాటి పోతాయి. ప్రతిదాని పక్కనా ఒక ఆకు బొమ్మ, "ఎకో" అన్న మాట ఉంటాయి.

ఇంత డబ్బు పెట్టి వెళ్తున్నప్పుడు టెంట్ ఎలా ఉందో తర్వాత చూద్దాం. అది ఎవరి నేల మీద ఉందో ముందు అడగండి. మీరు ఎన్ని జంతువుల్ని చూస్తారు, ఎన్ని జీపుల మధ్య నుంచి చూస్తారు, మీ డబ్బు ఎవరికి చేరుతుంది అన్నవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ముందు నేల చూసుకోండి

మసాయి మారా అని మనం పిలిచేది నిజానికి రెండు రకాల ప్రాంతం. ఒకటి నేషనల్ రిజర్వ్. దాదాపు 1,510 చదరపు కిలోమీటర్లు, నారోక్ కౌంటీ ప్రభుత్వానిది. పడమటి భాగాన్ని మారా ట్రయాంగిల్ అంటారు, దాని నిర్వహణ 2001 నుంచి ఒక లాభాపేక్ష లేని సంస్థ చూస్తోంది. రెండోది, రిజర్వ్‌కు ఉత్తరాన, తూర్పున ఆనుకుని ఉన్న కన్సర్వెన్సీలు. ఓల్ కిన్యెయి, ఓలారే మోటోరోగి, మారా నార్త్, నబోయిషో అలాంటివే.

ఈ కన్సర్వెన్సీల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఒకప్పుడు ఈ భూములు ఇక్కడ పశువులు మేపుకుని బతికే మసాయి తెగవాళ్ల ఉమ్మడి ఆస్తి. తర్వాత వాటిని కుటుంబాలకు పంచి పట్టాలిచ్చారు. పంచాక ఎవరి ముక్కకు వాళ్లు కంచె వేసుకోవడం మొదలైంది. కంచె పడితే వైల్డ్‌బీస్ట్‌లు (ఆవులా కనిపించే పెద్ద జింకలు), ఏనుగులు తిరిగే దారి మూసుకుపోతుంది. అప్పుడు పక్కపక్క పొలాలవాళ్లు కలిసి, కంచెలు వేయకుండా భూమిని క్యాంపులకు కౌలుకిచ్చే పద్ధతి వచ్చింది. కౌలు డబ్బు నెలనెలా నేరుగా భూమి యజమానికి అందుతుంది. టూరిస్టులు వచ్చినా రాకపోయినా ఇవ్వాల్సిందే. నబోయిషో 2010లో మొదలైంది. దాదాపు 50,000 ఎకరాలు, 500 మందికి పైగా మసాయి యజమానులు. 2013లో వచ్చిన వన్యప్రాణి చట్టంతో ఇలాంటి కన్సర్వెన్సీలకు చట్టబద్ధమైన గుర్తింపు కూడా వచ్చింది.

ఇందులో మనకేంటి లాభం? చాలా ఉంది. టెంట్లకు పరిమితి ఉంటుంది. ఒక టెంట్‌కు కనీసం 350 ఎకరాలు, కొన్నిచోట్ల 700 ఎకరాలు అని లెక్క పెట్టుకున్నారు. ఒక సింహం దగ్గర ఐదుకు మించి బండ్లు నిలబడకూడదు. రాత్రి డ్రైవ్, గైడుతో కాలినడక, దారి దిగి గడ్డిలోకి బండి పోనివ్వడం ఇక్కడ కుదురుతాయి. రిజర్వ్ లోపల ఈ మూడూ నిషిద్ధం. ఆగస్టులో రిజర్వ్‌లో ఒక్క చిరుత చుట్టూ ముప్పై జీపులు మూగే రోజులుంటాయి. అది చూశాక ఈ తేడా విలువ తెలుస్తుంది.

నా మాట వింటే బస కన్సర్వెన్సీలో పెట్టుకోండి. వైల్డ్‌బీస్ట్ మందలు మారా నది దాటే దృశ్యం చూడాలని ఉంటే ఒక్క రోజు మాత్రం రిజర్వ్‌లోకి వెళ్లిరండి. ఆ రోజుకు టికెట్ విడిగా కొనాలి. 2024 నుంచి విదేశీ పెద్దలకు జనవరి–జూన్ మధ్య రోజుకు 100 డాలర్లు, జూలై–డిసెంబరు మధ్య 200 డాలర్లు. టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకానే చెల్లుతుంది. కన్సర్వెన్సీ ఫీజు మాత్రం సాధారణంగా బస ధరలోనే కలిపి ఉంటుంది. కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. కొందరు ఏజెంట్లు తక్కువ ధర చూపించడానికి దాన్ని పక్కన పెడతారు.

ఎకో అన్న మాటను నిలదీయండి

సోలార్ పలకలు ఇప్పుడు అందరికీ ఉన్నాయి. అసలు కరెంటు లైను లేని చోట డీజిల్ కన్నా సోలారే చవక కాబట్టి అది గొప్పేమీ కాదు. క్యాంపుకు ఒక మెయిల్ రాసి ఈ సంగతులు అడగండి: ఏ కన్సర్వెన్సీ, మొత్తం ఎన్ని టెంట్లు, జనరేటర్ రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది, వంటకు ఏ ఇంధనం, వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి, చెత్తను ఎక్కడికి పంపుతారు, పనిచేసేవాళ్లలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎంతమంది, మొత్తం క్యాంపును ఒకవేళ తీసేస్తే నేల మీద ఏం మిగులుతుంది.

ఆ చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. నిజంగా పద్ధతిగా కట్టిన క్యాంపులో కాంక్రీటు దాదాపు ఉండదు. చెక్క పలకల మీద కాన్వాస్ టెంట్, కింద మట్టి. తీసేస్తే రెండు వానాకాలాల్లో గడ్డి మళ్లీ కమ్మేస్తుంది. ఇలాంటివాళ్లు ఈ ప్రశ్నకు ఉత్సాహంగా జవాబు రాస్తారు. బ్రోషర్‌లోని రెండు లైన్లు కాపీ చేసి పంపారంటే ఇంకో క్యాంపు చూసుకోండి. టెంట్‌కో ప్రైవేటు ఈతకొలను, పచ్చటి లాన్, గదిలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కనిపిస్తే అక్కడ ఎకో అన్నది పేరులోనే ఉందని అర్థం.

సర్టిఫికెట్ కూడా ఒకటుంది. 1996లో ఏర్పడిన ఎకోటూరిజం కెన్యా అనే సంస్థ క్యాంపులకు కాంస్య, రజత, స్వర్ణ స్థాయిలు ఇస్తుంది. స్వర్ణం ఉంటే మంచి గుర్తే, కానీ ఏ ఏడాది వరకు చెల్లుతుందో చూడండి. పాత బోర్డు తగిలించుకుని ఉండటం ఎక్కడైనా జరిగేదే. కొన్ని క్యాంపులు ఇంకో అడుగు ముందుకేసి జీపుల్ని కూడా ఎలక్ట్రిక్‌గా మార్చాయి, ఎంబూ రివర్ క్యాంపు అందులో పేరున్నది. ఇంజన్ చప్పుడు లేకుండా ఏనుగుల మంద పక్కకు వెళ్తే అవి గడ్డి పీకే శబ్దం కూడా వినిపిస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి

సరిహద్దు అవతల టాంజానియాలోని సెరెంగెటి నుంచి వైల్డ్‌బీస్ట్ మందలు సాధారణంగా జూలైలో మారాలోకి వస్తాయి, అక్టోబరు దాకా ఉంటాయి. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు, వాటితోపాటు లక్షల్లో జీబ్రాలు. కానీ అవి క్యాలెండర్ చూసి రావు, వాన ఎక్కడ పడితే అక్కడికి పోతాయి. నది దాటడం చూపిస్తామని ఎవరైనా తేదీతో సహా గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

సింహాలు, చీతాలు, ఏనుగులు, జిరాఫీలు ఏడాదంతా అక్కడే ఉంటాయి. అందుకే జనవరి, ఫిబ్రవరి నా దృష్టిలో మంచి నెలలు. ధర తక్కువ, జనం తక్కువ, గడ్డి పొట్టిగా ఉంటుంది. మార్చి చివర నుంచి మే దాకా పెద్ద వానలు. అప్పుడు నల్లరేగడిలో బండ్లు కూరుకుపోతాయి, కొన్ని క్యాంపులు మూసేస్తారు కూడా. మన పిల్లల వేసవి సెలవులు సరిగ్గా ఆ వానల్లోనే పడతాయి, అదొక్కటే ఇబ్బంది. దసరా సెలవులకైతే బాగా కుదురుతుంది, కాకపోతే ఏడాది ముందే బుక్ చేసుకోవాలి. చిన్నపిల్లలుంటే కనీస వయసు ఎంతో అడగండి. చాలా క్యాంపులు ఐదారేళ్లలోపు వాళ్లను తీసుకోవు, కాలినడకకు పన్నెండేళ్లు ఉండాలంటాయి.

కాగితాలు, టీకా

కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి, ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి పెట్టింది. ఈటీఏ అంటారు. 30 డాలర్ల పైచిలుకు అవుతుంది. పాస్‌పోర్ట్, ఫొటో, క్యాంపు బుకింగ్, రానుపోను టికెట్లు అప్‌లోడ్ చేయాలి. ప్రభుత్వ వెబ్‌సైట్ లాగే కనిపించే దళారీ సైట్లు చాలా ఉన్నాయి. చిరునామా చివర "డాట్ గో డాట్ కేఈ" ఉందో లేదో చూసి మరీ డబ్బు కట్టండి. మూడు రోజుల్లో వస్తుందంటారు గానీ రెండు వారాల ముందే పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఎల్లో ఫీవర్ టీకా చాలామంది మరిచిపోయే విషయం. కెన్యా నుంచి తిరిగి వచ్చేవాళ్లు ఈ టీకా సర్టిఫికెట్ చూపించాలని మన దేశమే అడుగుతుంది. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఉంది. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు, కేంద్ర ఆరోగ్యశాఖ గుర్తించిన చోటే. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పాస్‌పోర్ట్ తప్పనిసరిగా తీసుకెళ్లాలి, ఏ రోజుల్లో ఇస్తారో ముందే కనుక్కోండి. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, అరవై దాటినవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

మలేరియా మాత్రలు కూడా డాక్టర్ రాసినవే వాడాలి. కొన్ని తిరిగొచ్చాక వారం రోజులు, కొన్ని నాలుగు వారాలు వేసుకోవాలి. ఇంటికొచ్చాం కదా అని మధ్యలో ఆపేయకండి. డాక్సీసైక్లిన్ వాడేవాళ్లకు ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. అక్కడేమో భూమధ్యరేఖ పక్కనే, పైగా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన. టోపీ, సన్‌స్క్రీన్ మానకండి.

క్యాంపు నుంచి పెద్దాసుపత్రి చాలా దూరం. అందుకే ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ కవర్ ఉందో లేదో అడగండి. 1957లో మొదలైన సేవ ఇది, జబ్బు చేసినవాళ్లను విమానంలో నైరోబికి చేరుస్తారు. చాలా క్యాంపులు ఆ రుసుమును ధరలోనే కలుపుతాయి. అది విమానం వరకే. ఆసుపత్రి ఖర్చుకు ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరేగా ఉండాలి.

15 కిలోల్లో సర్దుకోవడం

నైరోబి నుంచి మారాకు వెళ్లే చిన్న విమానంలో చేతిసంచితో కలిపి 15 కిలోలే. పైగా మెత్తటి సంచి కావాలి. చక్రాల సూట్‌కేసు ఆ విమానం కడుపులో పట్టదు. పెద్ద పెట్టె ఉంటే నైరోబి హోటల్‌లోనో, విమాన సంస్థ దగ్గరో వదిలి వెళ్లొచ్చు.

కెన్యాలో 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. 2020 జూన్ నుంచి రక్షిత ప్రాంతాల్లో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ తేకూడదు. మన సర్దుడు ఎలా ఉంటుందో మీకు తెలుసు. చెప్పులకో కవరు, తడి తువ్వాలుకో కవరు, పచ్చడి సీసా కారుతుందేమోనని దానికి మూడు కవర్లు. అవన్నీ ఇంట్లోనే తీసేసి గుడ్డసంచులు పెట్టుకోండి. డ్యూటీ ఫ్రీ కవర్‌ను కూడా దిగినచోటే వదిలేయమంటారు. నీళ్లకు స్టీలు సీసా తీసుకెళ్లండి, క్యాంపులో వడగట్టిన నీళ్లు నింపిస్తారు.

బట్టలు ఖాకీ, బూడిద, ఆలివ్ రంగుల్లో ఉంటే మేలు. ముదురు నీలం, నలుపు రంగులకు సెట్సీ అనే కుట్టే ఈగలు వస్తాయి. తెలుపు మొదటి పూటకే ఎర్రబారుతుంది. ఆఫ్రికా అంటే మాడిపోయే ఎండే అనుకుని స్వెట్టర్ మానేసేవాళ్లు తెల్లవారుజామున తెరిచిన జీపులో వణికిపోతారు. ఉష్ణోగ్రత పన్నెండు డిగ్రీల దాకా పడిపోతుంది. ఒక ఉన్ని టోపీ, గాలి చొరబడని జాకెట్ ఉండాలి. ఇంకో వస్తువు కూడా చెప్తాను, ఏ సఫారీ దుకాణంలోనూ అంత బాగున్నది దొరకదు: మన నూలు కండువా. దుమ్ముకు ముక్కుకు కట్టుకోవచ్చు, మెడకు చుట్టుకోవచ్చు, కెమెరా మీద కప్పొచ్చు.

కెన్యా ప్లగ్గులు బ్రిటన్ పద్ధతిలో చదరపు మూడు పిన్నులవి, మన ఛార్జర్ పట్టదు. అడాప్టర్ కొనుక్కోండి. బైనాక్యులర్స్ మనిషికొకటి ఉంటే మంచిది, 8×42 రకం సరిపోతుంది. భార్యాభర్తలు ఒకటే పంచుకుంటే చిరుత చెట్టు దిగి వెళ్లిపోయాక రెండోవాళ్ల వంతు వస్తుంది. డ్రోన్ మాత్రం వద్దు, అనుమతి లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. టిప్పులకు డాలర్లు చిన్న నోట్లలో తీసుకోండి, 2013 తర్వాత ముద్రించినవి, మడతలు లేనివి. పాత నోట్లు అక్కడ తీసుకోరు.

నైరోబి నుంచి క్యాంపు దాకా

మనవాళ్లు ఎక్కువగా ముంబై మీదుగానో, గల్ఫ్ మీదుగానో, అడిస్ అబాబా మీదుగానో వెళ్తారు. ముంబై నుంచి నేరుగా ఆరు గంటలు. గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి. మీరు దిగేది జోమో కెన్యట్టా విమానాశ్రయం, మారా విమానాలు ఎక్కేది విల్సన్ విమానాశ్రయం. రెండూ ఒకే ఊళ్లో ఉన్నా మధ్యలో నైరోబి ట్రాఫిక్ ఉంది. అర్ధరాత్రి దిగి పొద్దున్నే విమానం అంటే ఒళ్లు హూనం అవుతుంది. ఒక రాత్రి నైరోబిలో పడుకుని వెళ్లండి.

మారాలో ఎయిర్‌స్ట్రిప్పులు చాలా ఉన్నాయి. కీకొరోక్, ఓల్ కియోంబో, ముసియారా, మారా నార్త్, ఇంకా ఉన్నాయి. మీ క్యాంపుకు దగ్గరిది ఏదో వాళ్లనే అడిగి టికెట్ కొనండి, లేకపోతే రెండు గంటలు అదనంగా జీపులో తిరగాలి. విమానం షేర్ ఆటోలాగే, ఒకచోట ఇద్దర్ని దించి ఇంకోచోట నలుగుర్ని ఎక్కించుకుని పోతుంది. మీ స్ట్రిప్ పేరు పైలట్ చెప్పినప్పుడే దిగండి. మట్టి రన్‌వేలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి.

రోడ్డు మీదైతే నారోక్ మీదుగా ఐదారు గంటలు. దారిలో రిఫ్ట్ లోయ అంచున ఆగి చూడొచ్చు, ఖర్చూ తగ్గుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లకు చివరి గంట కష్టం.

టెంట్‌లో మొదటి రోజు

చేరగానే తడి తువ్వాలు, చల్లటి జ్యూస్ ఇచ్చి మేనేజర్ ఒక పావుగంట మాట్లాడతారు. ఫోన్‌లో వైఫై పాస్‌వర్డ్ వెతుక్కుంటూ ఈ పావుగంటను పోగొట్టుకోకండి. చాలా క్యాంపులకు కంచె ఉండదు. రాత్రి హిప్పోలు మేతకు టెంట్ల మధ్యకే వస్తాయి, ఏనుగులు కూడా. చీకటి పడ్డాక ఒక్క అడుగు కూడా ఒంటరిగా వేయకూడదు. భోజనానికి వెళ్లాలంటే వరండాలో నిలబడి టార్చ్ ఊపితే కాపలా మనిషి వస్తారు, ఆస్కరీ అంటారు. చేతిలో టార్చ్, ఒక్కోసారి ఈటె. ఆయన ఆగమంటే ఆగాలి, ఎందుకని తర్వాత అడగొచ్చు. టెంట్‌లో ఈలో, వాకీటాకీనో పెడతారు, అది నిజంగా ప్రమాదమైనప్పుడే.

టెంట్ జిప్ ఎప్పుడూ పూర్తిగా వేసి ఉంచండి, పగలు కూడా. సింహం జిప్ తీయదు గానీ కోతి తీస్తుంది. బిస్కెట్లు, పండ్లు, పళ్లపేస్టు, తీపి వాసన వచ్చే ఏదైనా దానికి కావాలి. అర్ధరాత్రి సింహం గర్జన వినిపిస్తే పక్కనే ఉందనిపిస్తుంది. అది ఎనిమిది కిలోమీటర్ల దూరం నుంచి కూడా వినిపించే శబ్దం, కంగారు పడకండి. కాన్వాస్ గోడలోకి జంతువులు దూరి రావడం అన్నది దాదాపు ఉండదు. మీరు లోపల ఉండి, జిప్ వేసి ఉన్నంతవరకు వాటికి టెంట్ ఒక పెద్ద బండరాయి కిందే లెక్క.

పడుకోబోతే దుప్పటి కింద ఏదో వెచ్చగా, మెత్తగా తగులుతుంది. అది వేడినీళ్ల సంచి, ఉన్ని తొడుగు వేసి పరుపులో పెడతారు. ముందే చెప్పకపోతే చాలామంది కెవ్వుమంటారు.

ఇరవై లీటర్ల స్నానం

లగ్జరీ క్యాంపులో బకెట్ స్నానమా అనుకుంటారు. మనకిది కొత్త కాదు కదా, యూరప్‌వాళ్లకే కొత్త. ఎప్పుడు స్నానం చేస్తారో ముందుగా చెప్పాలి. ఆ సమయానికి ఒకతను వేడినీళ్లు తెచ్చి టెంట్ వెనక ఉన్న కాన్వాస్ సంచిలో పోసి, తాడుతో పైకి లాగుతాడు. దాదాపు ఇరవై లీటర్లు పడుతుంది. లోపల షవర్ పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని తిప్పితే నీళ్లు. ముందు ఒళ్లు తడుపుకుని మీట కట్టేయండి, సబ్బు రుద్దుకోండి, మళ్లీ తెరిచి కడుక్కోండి. ఇలా చేస్తే కాస్త మిగులుతాయి కూడా. పొడవు జుట్టు ఉన్నవాళ్లు తలస్నానం చేయాలంటే రెండు సంచులు కావాలని ముందే చెప్పాలి. మధ్యాహ్నం చేస్తే జుట్టు ఎండలో ఆరిపోతుంది. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్ పెడితే సోలార్ బ్యాటరీలు ఆగిపోతాయి, అందుకే వాటికి అనుమతి ఉండదు. ఫోన్లు, కెమెరా బ్యాటరీలు పగటిపూటే ఛార్జింగ్ పెట్టేయండి.

కొన్ని క్యాంపుల్లో కుళాయి షవర్లు ఉంటాయి, అవీ బాగానే ఉంటాయి. నీళ్లు మాత్రం బోరు నుంచో, వాననీటి తొట్టి నుంచో వచ్చేవే. అదే నీటి మీద చుట్టుపక్కల ఆవుల మందలు కూడా బతకాలి.

తిండి సంగతి

మన శాకాహారులకు కెన్యా అంత కష్టమైన దేశం కాదు. 1896 నుంచి 1901 దాకా ఉగాండా రైల్వే కట్టడానికి ముప్పై వేలకు పైగా భారతీయ కూలీలు వచ్చారు, వాళ్లలో కొందరు అక్కడే ఉండిపోయారు. గుజరాతీ వ్యాపారులు కూడా స్థిరపడ్డారు. అలా చపాతీ, చాయ్, సంబూసా కెన్యావాళ్ల రోజువారీ తిండిలో కలిసిపోయాయి. బుకింగ్ అప్పుడే స్పష్టంగా రాయండి: మాంసం తింటారా లేదా, గుడ్డు సంగతేంటి, గొడ్డుమాంసం వద్దా, ఉల్లి వెల్లుల్లి మానేశారా. "వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాస్తే చేపలు వడ్డించే ప్రమాదం ఉంది.

వంట బాగుంటుంది, కారమే ఉండదు. అందుకే చిన్న పచ్చడి డబ్బా తీసుకెళ్లడం తప్పేమీ కాదు. స్టీలు డబ్బాలో, గట్టి మూతతో, పదిహేను కిలోల లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకుని. తాజా పండ్లు, కరివేపాకు, విత్తనాలు మాత్రం తేవద్దు. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి, సుకుమా వికీ అనే ఆకుకూర అతిథుల మెనూలో తరచూ ఉండవు. సిబ్బందికి వండేది అదే. అడిగితే సంతోషంగా పెడతారు, గోంగూర పచ్చడితో ఉగాలి ముద్ద అద్భుతంగా ఉంటుంది.

జీపులో

ఐదున్నరకు టీతో లేపుతారు. సూర్యుడు ఏడాదంతా ఆరున్నర ప్రాంతంలోనే వస్తాడు. ఆ మొదటి రెండు గంటల కోసమే మీరు ఇంత దూరం వచ్చింది, బద్ధకించకండి.

గైడ్లలో చాలామంది ఆ ప్రాంతపు మసాయిలే. నబోయిషోలో కొయాకి గైడింగ్ స్కూల్ 2005 నుంచి వాళ్లకు శిక్షణ ఇస్తోంది. దేశం మొత్తానికి గైడ్ల సంఘం పరీక్ష పెట్టి కాంస్య, రజత, స్వర్ణ స్థాయిలు ఇస్తుంది. మీ గైడుది ఏ స్థాయో అడగడం మర్యాద తప్పినట్టు కాదు, గర్వంగా చెప్తారు. మొదటి పూటే మీకేం ఇష్టమో ఆయనకు చెప్పేయండి. పక్షులు, ఫొటోలు, లేదా ఒకే చోట కూర్చుని చూడటం. చెప్పకపోతే అందరికీ చూపించినట్టు సింహం, ఏనుగు, చిరుత అంటూ లిస్టు పూర్తి చేస్తారు.

బండిలో లేచి నిలబడటం, చేతులు బయటపెట్టడం, గట్టిగా అరవడం వద్దు. కూర్చున్నంతసేపు జంతువుకు బండీ మనుషులూ కలిపి ఒకటే ఆకారం. లేస్తే ఆ ఆకారం విరిగిపోతుంది, అప్పుడు మీరు కనిపిస్తారు. ముఖ్యంగా చీతా దగ్గర గైడును తొందరపెట్టకండి. 2018లో మారాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం టూరిస్టులు తక్కువగా వెళ్లే చోట చీతా తల్లి ఒక కాన్పులో సగటున 2.3 పిల్లల్ని పెంచి పెద్దచేస్తోంది, బండ్లు ఎక్కువగా మూగే చోట 0.2 మాత్రమే. చుట్టూ బండ్లుంటే వేట చెడుతుంది, దొరికిన వేటను వదిలేస్తుంది, పిల్లలు దాని నుంచి విడిపోతాయి. "ఇంకొంచెం దగ్గరకు పోనివ్వు, టిప్ ఇస్తా" అని డ్రైవర్‌ను ఊరించేవాళ్లు మన భాషలోనూ వినిపిస్తారు. గైడు ఉద్యోగం పోవచ్చు, జంతువు పిల్లలూ పోవచ్చు.

కన్సర్వెన్సీలో ఒక్కోసారి సింహాలు చూసిన చోటే ఆవుల మంద కనిపిస్తుంది. ఫొటో పాడైందని విసుక్కోకండి. ఏ వారం ఏ గడ్డి మేపాలో లెక్క ప్రకారం మేపుతారు, ఆవులు మేశాక మొలిచే లేత గడ్డికి జింకలు వస్తాయి.

కాలినడకకు వెళ్తే ఒకరి వెనక ఒకరు, మాట్లాడకుండా. ఏం కనిపించినా పరుగెత్తకూడదు.

మసాయి ఊళ్లో

ఊరు చూడటం కొన్నిచోట్ల తంతులా ఉంటుంది: ఎగిరే నాట్యం, నిప్పు రాజేయడం, ఆపై పూసల దుకాణం. క్యాంపును అడిగి, ప్రవేశ రుసుము ఊరికే చేరుతుందా లేక డ్రైవర్ జేబులోకా తెలుసుకున్నాకే వెళ్లండి. పలకరింపుగా "సోపా" అంటే వాళ్లు "ఎపా" అంటారు. ఫొటోకు ముందు అడగండి. పిల్లలకు చాక్లెట్లు, పెన్నులు పంచడం మానండి, బండి కనిపిస్తే చేయి చాచడం అలవాటవుతుంది. ఇవ్వాలనిపిస్తే బడికి క్యాంపు ద్వారా ఇవ్వొచ్చు. పూసల నగలు మహిళా సంఘాల దగ్గర కొంటే చేసినవాళ్లకు ఎంత వెళ్తుందో చీటీ మీద రాసి ఉంటుంది.

బట్టలుతుకు, టిప్, తిరుగు ప్రయాణం

బట్టలు క్యాంపులోనే చేత్తో ఉతికి, ఆరేసి ఇస్తారు, చాలాచోట్ల ఉచితం. లోదుస్తులు మాత్రం వాళ్ల ఆచారం ప్రకారం తీసుకోరు. వాటికి టెంట్‌లో ఒక గిన్నెలో సబ్బుపొడి పెట్టి ఉంటుంది. మూడు జతలతో వారం గడిచిపోతుంది.

టిప్ చివరి రోజు ఇస్తారు. గైడుకు అతిథికి రోజుకు 15–20 డాలర్లు, మిగతా సిబ్బందికి కలిపి 10–15 డాలర్లు అక్కడి మామూలు లెక్క. గైడుకు చేతికే ఇవ్వండి. మిగతావాళ్లది ఆఫీసులో ఉమ్మడి డబ్బాలో వేస్తే గిన్నెలు కడిగేవాళ్లకు, రాత్రి కాపలావాళ్లకు కూడా వాటా వస్తుంది.

దారిలో దొరికిన ఈక, ఎముక, ముళ్లపంది ముల్లు ఏదీ సంచిలో వేసుకోకండి. చిన్నపిల్లల జేబులు కూడా ఒకసారి తడమండి. వన్యప్రాణి భాగాలు దేశం దాటించడం నేరం, తెలియక తెచ్చామన్న జవాబు పనిచేయదు.

తిరుగు విమానం కూడా రెండు మూడు స్ట్రిప్పులు తిరిగే వెళ్తుంది. ఒక్కోసారి రన్‌వే మీద జీబ్రాలుంటే జీపుతో తోలేదాకా గాల్లోనే చక్కర్లు కొడుతుంది. విల్సన్‌లో దిగే సమయానికి, అంతర్జాతీయ విమానం బయల్దేరే సమయానికి మధ్య కనీసం ఆరు గంటలు ఉండేలా చూసుకోండి. టీకా పసుపు కార్డు చెకిన్ పెట్టెలో పడేయకుండా పాస్‌పోర్ట్‌తో కలిపి పెట్టుకోండి. ఇండియాలో మొదట దిగిన విమానాశ్రయంలో, ఇమిగ్రేషన్‌కు ముందే హెల్త్ కౌంటర్ దగ్గర అడుగుతారు.